ఫార్మాట్ కొట్టే ముందు మెమరీని అడగండి

కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపికగా చదవండి. దుడ్డు సంగతి, దానికన్నా పెద్దదైన మన పాత కాగితాల సంగతి రెండూ ఇందులో ఉన్నాయి.

మన ఆఫీసులోని కంప్యూటరు గురించి కమిటీలో రెండు మాటలు నడిచాయి. "ఫార్మాట్ కొట్టేస్తే సరిపోతుంది" అని ఒకటి. "అసెంబుల్డ్ మిషన్లు ఇంతే, పారేసి కంపెనీ ల్యాప్‌టాప్ కొందాం" అని ఇంకొకటి. రెండూ తొందర మాటలే అని నా అభిప్రాయం. జబ్బు ఏమిటో చూడకుండా మందు రాసినట్టే ఇది. కారణం తెలియకుండా ఫార్మాట్ కొడితే జబ్బు అలాగే ఉంటుంది. కారణం తెలియకుండా కొత్తది కొంటే పాతదాంట్లో జరిగిన నష్టం కొత్తదాంట్లోకి కాపీ అవుతుంది. ఈ రెండో ముక్క గురించే ముఖ్యంగా చెప్పాలనుకుంటున్నాను.

ముందు లక్షణాలు చూద్దాం. టైపు చేస్తుండగా మిషను ఉన్నట్టుండి ఆగి మళ్ళీ మొదలవుతుంది. ఒక్కోసారి నీలి తెర వస్తుంది. తెర మీద ఒకరోజు మెమరీ మేనేజ్‌మెంట్ అని, ఇంకోరోజు పేజ్ ఫాల్ట్ అని, మరోరోజు ఐఆర్‌క్యూఎల్ అని ఉంటుంది. ఒకరోజు బ్రౌజరు మూసుకుపోతుంది, ఇంకోరోజు స్కానరు ప్రోగ్రాము. స్కాన్ చేసిన కొన్ని ఫొటోలు తెరిస్తే పై సగం బాగుంటుంది, కింది సగం బూడిద రంగు. వైరస్ అన్నారు, కరెంటు అన్నారు, ధర్మపురి ఎండ అన్నారు. ఎవరికి తెలిసిన శత్రువు పేరు వాళ్ళు చెప్పారు.

మనలో చాలామంది తమిళ మీడియంలో చదివినవాళ్ళం. నీలి తెర మీద ఇంగ్లీషు చూడగానే భయపడి స్విచ్ ఆపేస్తాం. భయపడాల్సిన పని లేదు. అర్థం కాకపోయినా సరే, సెల్‌ఫోనుతో ఫొటో తీయండి. తేదీ, టైము, అప్పుడు ఏం పని చేస్తున్నారు అన్నది ఒక నోటుబుక్కులో రాయండి. పది సార్లు రాస్తే ఆ పుస్తకమే సగం జవాబు చెబుతుంది.

ఎలా చెబుతుందో చూడండి. ఒక రైలు పెట్టెలో 37వ నంబరు సీటు విరిగి ఉందనుకుందాం. దాంట్లో ఈరోజు మొరప్పూరు మనిషి కూర్చుంటాడు, రేపు తిరుపత్తూరు మనిషి, ఎల్లుండి జోలార్‌పేట మనిషి. ఫిర్యాదులు మూడు ఊళ్ళ నుంచి, మూడు రకాలుగా వస్తాయి. ఒకాయన నడుము నొప్పి అంటాడు, ఇంకొకాయన చొక్కా చిరిగిందంటాడు. ఆ ఊళ్ళ మధ్య సంబంధం వెతికితే ఏమీ దొరకదు. సీటు నంబరు చూస్తేనే తెలుస్తుంది. మెమరీ లోపం కూడా అంతే. పాడైన గది ఒక్కటే, అందులోకి ఏ ప్రోగ్రాము వచ్చి కూర్చుంటే అది కూలుతుంది. అందుకే ఒక సూత్రం పెట్టుకోవచ్చు. ప్రతిసారీ అదే ప్రోగ్రాము, అదే పనిలో, అదే మాట చెప్పి పడిపోతే ముందు సాఫ్ట్‌వేరునో డ్రైవరునో అనుమానించండి. రోజుకో ప్రోగ్రాము, రోజుకో మాట అయితే మొదటి అనుమానం మెమరీ మీద. నీలి తెర ఏదీ లేకుండా చటుక్కున నల్లబడి మళ్ళీ మొదలైతే ఎస్‌ఎంపీఎస్, కరెంటు, వేడి, ఈ మూడిట్లో ఒకటి కావచ్చు. ఇవి తీర్పులు కావు, దారి చూపే చేతి గుర్తులు మాత్రమే.

మెమరీ అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను. హార్డ్ డిస్కు రికార్డు రూము, ర్యామ్ కౌంటరు మీది బల్ల. రికార్డు రూములోని ఏ కాగితమైనా బల్ల మీదికి వచ్చిన తర్వాతే చదవడం, దిద్దడం. దిద్దిన తర్వాత బల్ల మీద నుంచే లోపలికి పోతుంది. బల్ల మీద సిరా ఒలికి ఉంటే మరకపడ్డ కాగితమే రికార్డు రూములోకి చేరుతుంది. రికార్డు రూము దాన్ని చాలా భద్రంగా, మరకతో సహా దాచి పెడుతుంది. డిస్కు బాగుంది కాబట్టి ఫైళ్ళు బాగున్నాయి అనుకోవడం ఇక్కడే తప్పిపోతుంది.

ఒక్క 8 జీబీ స్టిక్కులో సుమారు 6,870 కోట్ల గదులుంటాయి. ఒక్కో గదిలో ఒక బిట్టు, అంటే ఒక చిన్న విద్యుత్తు చుక్క. అది చిల్లు కుండలో నీళ్ళలా కారిపోతూ ఉంటుంది. అందుకని 64 మిల్లీసెకన్లకు ఒకసారి, అంటే సెకనుకు 15 సార్లకు పైగా, ప్రతి గదినీ మళ్ళీ నింపుతూ ఉండాలి. ఇన్ని కోట్ల గదుల్లో ఒక్కటి మాట తప్పినా చాలు.

ఒక్క బిట్టు తప్పితే ఏమవుతుందంటారా? కంప్యూటరులో 1 అంకెను 00110001 అని రాస్తారు, 9 అంకెను 00111001 అని రాస్తారు. తేడా ఒక్క బిట్టే. స్కాలర్‌షిప్పు జాబితాలో 1,000 అన్నది 9,000 కావడానికి అదే చాలు. తెలుగు అక్షరాల్లోనూ అంతే. యూనికోడ్‌లో 'త'కు, 'ద'కు తేడా ఒక్క బిట్టు. 'క'కు, 'గ'కు తేడా కూడా ఒక్క బిట్టే. తాత కాస్తా దాత అయిపోతాడు. చూసేవాళ్ళు అచ్చు తప్పు అనుకుంటారు, మిషను తప్పు అని ఎవరికీ తోచదు. ఇక ఫొటో ఫైలంటే గొలుసులాంటిది, మధ్యలో ఒక లంకె తెగితే దాని తర్వాతిదంతా చెడిపోవచ్చు. కింది సగం బూడిద రంగు కావడం అలాంటిదే.

ఇది నా ఊహ కాదు. 1978లోనే ఇంటెల్ కంపెనీలో పనిచేసే తిమోతీ మే, ముర్రే వుడ్స్ అనే ఇద్దరు ఒక సంగతి పట్టుకున్నారు. మెమరీ చిప్పును కప్పే పింగాణీ తొడుగులో అతి కొద్దిగా ఉన్న రేడియోధార్మిక పదార్థం నుంచి వచ్చే ఆల్ఫా కణాలు బిట్లను తిప్పేస్తున్నాయని తేల్చారు. 2003 మే 18న బెల్జియం ఎన్నికల్లో, బ్రస్సెల్స్ దగ్గర స్కార్‌బేక్ అనే చోట, ఒక అభ్యర్థికి 4,096 ఓట్లు ఎక్కువ పడ్డట్టు కంప్యూటరు చూపించింది. పడగలిగిన ఓట్ల కంటే ఎక్కువ ఉన్నాయి కాబట్టి దొరికింది. 4,096 అంటే 2ను 12 సార్లు గుణిస్తే వచ్చే సంఖ్య, సరిగ్గా ఒక్క బిట్టు విలువ. సాఫ్ట్‌వేరులో తప్పు ఏదీ దొరకక, ఒక బిట్టు దానంతటదే తిరగబడి ఉండాలని నిపుణులు తేల్చారు. అదే ఓ వంద ఓట్ల తేడా అయి ఉంటే ఎవరు పట్టుకునేవారు?

2009లో గూగుల్ తన వేల కంప్యూటర్లలోని మెమరీని గమనించి ఒక పరిశోధన వ్యాసం వేసింది. ఒక ఏడాదిలో నూటికి 8కి పైగా మెమరీ స్టిక్కులు కనీసం ఒక్క తప్పయినా చేశాయని తేలింది. అంతవరకు అందరూ ఆకాశం నుంచి వచ్చే కణాలనే నిందించేవారు. ఎక్కువ తప్పులు స్టిక్కులోని స్థిరమైన లోపాల వల్లేనని ఆ వ్యాసం చెప్పింది. వేడి ప్రభావం అనుకున్నంత లేదని కూడా చెప్పింది. అవి చల్లగా ఉంచే పెద్ద హాళ్ళలోని మిషన్లు, మన ఆఫీసు రేకుల కప్పు కింద ఉంది, నిజమే. అయినా చూడకుండానే అంతా ఎండ మీద తోసేయడం సరికాదు.

పెద్ద సర్వర్లలో దీనికి ఒక కాపలా ఉంది. రైల్వేలో పనిచేసినవాళ్ళకు వెంటనే అర్థమవుతుంది. గూడ్స్ వ్యాగన్ మీద 11 అంకెల నంబరు ఉంటుంది. మొదటి రెండు వ్యాగన్ రకం, తర్వాతి రెండు ఏ రైల్వేది, ఆ తర్వాతి రెండు తయారైన సంవత్సరం, తర్వాతి నాలుగు వరుస నంబరు. పదకొండోది చెక్ డిజిట్. ముందున్న పది అంకెల్ని లెక్క కడితే అది రావాలి. క్లర్కు ఒక్క అంకె తప్పు రాసినా లెక్క కుదరదు, తప్పు అక్కడే దొరుకుతుంది. ఈసీసీ మెమరీ అంటే అదే పద్ధతి. 64 బిట్లకు ఇంకో 8 బిట్లు కాపలాగా పెడతారు. ఒక బిట్టు తప్పితే దిద్దేస్తుంది, రెండు తప్పితే తప్పు జరిగిందని అరుస్తుంది. మన ఇళ్ళల్లో, ఆఫీసుల్లో వాడే మామూలు కంప్యూటర్లలో ఇది ఉండదు. కొత్త డీడీఆర్5 మెమరీలో ఈసీసీ ఉందని అంగట్లో చెబుతారు. అది చిప్పు లోపలి తప్పుల్ని దిద్దుకోవడానికి మాత్రమే. చిప్పు నుంచి ప్రాసెసరుకు వచ్చే దారిలో జరిగే తప్పును అది చూడదు. బొగ్గు బండికి ఉన్న చెక్ డిజిట్ మన పిల్లల స్కాలర్‌షిప్పు లెక్కకు లేదు. ఇది గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు మన మిషను సంగతి. కార్యదర్శి గారు తాళం చెవి ఇచ్చారు. ఇంజినీరింగు చదివే మన పిల్లకాయలు ఇద్దరు తోడు వచ్చారు. మేము చేసింది వరసగా చెబుతాను. ఇందులో పెద్ద చదువు ఏమీ లేదు, ఒకసారికి ఒక్కటే మార్చడం అన్న క్రమం మాత్రం ఉంది.

మొదటిది, డిస్కును విప్పి బాగున్న ఇంకో కంప్యూటరుకు తగిలించి, ఉన్నదున్నట్టు కాపీ తీశాము. జబ్బు మిషను మీదే బ్యాకప్ తీయకూడదు, ఎందుకంటే కాపీ కూడా అదే బల్ల మీదుగా పోతుంది. పాత బ్యాకప్ ఉంటే దాని మీద కొత్తది రాయకూడదు, పక్కన వేరేగా పెట్టాలి.

రెండోది, మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే ఉచిత ప్రోగ్రామును పెన్‌డ్రైవులో వేసి, విండోస్ తెరవకుండా నేరుగా దాంతోనే మిషనును మొదలుపెట్టాము. దీని మూలమైన మెమ్‌టెస్ట్86ను 1994లో క్రిస్ బ్రాడీ అనే ఆయన రాశారు. ఇది ప్రతి గదిలో ఒక గుర్తు రాసి, మళ్ళీ చదివి, రాసిందే వచ్చిందా అని చూస్తుంది. మన ఆడిటరు రశీదు పుస్తకాన్నీ చిట్టానూ పక్కపక్కన పెట్టినట్టే. విండోస్‌లోనూ మెమరీ డయాగ్నొస్టిక్ అని ఒకటి ఉంది, మొదటి చూపుకు పనికొస్తుంది కానీ ఇంత గట్టిది కాదు. రాత్రంతా నడపాలి. ఒక్క ఎర్ర గీత వచ్చినా తప్పే. "ఒక్కటేగా" అనే మాట ఇక్కడ చెల్లదు. మన మిషనులో తెల్లారేసరికి 11 తప్పులు వచ్చాయి.

ఇక్కడ ఆగి "మెమరీ పోయింది, కొత్తది కొనండి" అనడం సులభం. ఇంకో రెండు రాత్రులు ఓపిక పట్టాము. కరెంటు తీగ పీకేసి, చేత్తో ఇనుప చట్రం ముట్టుకుని ఒంట్లోని స్టాటిక్ పోగొట్టుకుని, స్టిక్కులు బయటికి తీశాము. బంగారు పూత ఉన్న అంచును ఐసోప్రొపైల్ ఆల్కహాలు తడిపిన మెత్తటి గుడ్డతో తుడిచాము. రబ్బరుతో రుద్దే అలవాటు మన రిపేరు అంగళ్ళలో ఉంది. గట్టిగా రుద్దితే పూత లేచిపోతుంది, ఆ పొడి స్లాటులో పడుతుంది, అందుకని నేను దాన్ని ఒప్పుకోను. స్టిక్కు మళ్ళీ పెట్టేటప్పుడు క్లిప్పు టక్కుమనే దాకా నొక్కాలి. చాలా మిషన్ల జబ్బు ఈ తుడిచి నొక్కడంతోనే పోతుంది. మనది పోలేదు.

స్టిక్కుల మీద చీటీలు చదివితే కథ బయటపడింది. రెండూ 8 జీబీ, డీడీఆర్4. మొదటిది మిషను కట్టినప్పుడు కొన్నది, 3200 వేగానిది. రెండోది తర్వాత చేర్చింది, 2666 వేగానిది. బయాస్‌లో ఎక్స్‌ఎంపీ అనే ప్రొఫైలు పెట్టి ఉంది, రెండిటినీ 3200 మీద పరిగెత్తిస్తోంది. ఎక్స్‌ఎంపీ అంటే ప్రమాణానికి మించిన వేగానికి తయారీదారు ఇచ్చే సెట్టింగు. డీడీఆర్4కు మామూలు వోల్టేజీ 1.2 వోల్టులు, ఈ ప్రొఫైళ్ళు చాలావరకు 1.35కు పెంచుతాయి. ప్యాసింజరు పెట్టెను ఎక్స్‌ప్రెస్‌కు తగిలించి లాగినట్టు. చాలాసార్లు నడుస్తుంది, వంపు దగ్గర తెలుస్తుంది.

అప్పుడు ఒక్కో స్టిక్కును ఒక్కటే పెట్టి చూశాము. ఒక్క స్టిక్కు పెట్టాలంటే ఏ స్లాటులో పెట్టాలో మదర్‌బోర్డు పుస్తకంలో ఉంటుంది, నాలుగు స్లాట్లున్న చాలా బోర్డుల్లో ప్రాసెసరు నుంచి రెండోది. మొదటి స్టిక్కు 3200 మీద తప్పు లేదు. రెండోది అదే స్లాటులో, 3200 మీద, మళ్ళీ తప్పులు. అదే రెండోది 2666 మీద తప్పు లేదు. తర్వాత ఎక్స్‌ఎంపీ తీసేసి రెండూ కలిపి రెండు రాత్రులు నడిపాము. సున్నా. ఆ తర్వాత ఇప్పటిదాకా మిషను ఒక్కసారి కూడా పడలేదు. ఖర్చు ఒక పెన్‌డ్రైవు, ఆల్కహాలు సీసా. తగ్గిన వేగం తెలుగు టైపు చేసే మన పనిలో ఎవరికీ కనిపించదు. ఆ సెట్టింగు ఎవరు పెట్టారన్నది నాకు అనవసరం, మీరూ అడగొద్దు.

అన్ని మిషన్లూ ఇంత సులభంగా తేలవు, అది కూడా చెప్పాలి. తప్పు స్టిక్కుతో పాటు ఇంకో స్లాటుకు పోతే స్టిక్కుది. ఏ స్టిక్కు పెట్టినా అదే స్లాటులో తప్పు వస్తే స్లాటుదో, బోర్డుదో, ప్రాసెసరుదో. మెమరీని నడిపే కంట్రోలరు ఇప్పుడు ప్రాసెసరు లోపలే ఉంటుంది. ప్రాసెసరు మీది ఫ్యాను స్క్రూలు ఒక పక్క ఎక్కువ బిగిసినా, కింద ఒక పిన్ను వంగినా మెమరీ లోపంలాగే కనిపిస్తుంది. మెమ్‌టెస్ట్‌లో తప్పు రాకపోతే మెమరీ నిర్దోషి అని కూడా ఖాయంగా అనలేం, అనుమానం తగ్గింది అనొచ్చు. అప్పుడు ఎస్‌ఎంపీఎస్, ఎర్తింగు, యూపీఎస్ బ్యాటరీ, డిస్కు ఆరోగ్యం వరసగా చూడాలి. విండోస్ ఈవెంట్ పుస్తకంలో కెర్నెల్ పవర్ 41 అని కనిపిస్తే కరెంటే కారణమని చాలామంది అనుకుంటారు. సరిగ్గా షట్‌డౌన్ కాకుండా మిషను ఆగిపోయింది అని మాత్రమే దాని అర్థం, ఎందుకు ఆగిందో అది చెప్పదు.

పేరు చూసి దోషిని పట్టకూడదనడానికి పెద్ద ఉదాహరణ ఈమధ్యే జరిగింది. ఇంటెల్ 13, 14 తరాల ప్రాసెసర్లున్న కొన్ని మిషన్లలో ఆటలు ఆడుతుంటే "వీడియో మెమరీ చాలలేదు" అని చెప్పి కూలిపోయేవి. జనం గ్రాఫిక్స్ కార్డుల్ని తిట్టారు, మార్చారు. లోపం ప్రాసెసరులో ఉందని 2024లో తేలింది. ఎక్కువ వోల్టేజీ వల్ల అది కాలక్రమంలో దెబ్బతింటోంది. ఇంటెల్ దిద్దుబాటు కోడ్ ఇచ్చి, వారంటీని ఇంకో రెండేళ్ళు పెంచింది. తెర మీద కనిపించేది ఫిర్యాదు మాత్రమే, విచారణ వేరే చేయాలి. రైల్వేలో ఏదైనా జరిగితే ఒక్క డిపార్టుమెంటు మాట విని ఊరుకోరు, అన్ని డిపార్టుమెంట్ల సూపర్‌వైజర్లూ కలిసి చూసి జాయింట్ నోట్ రాస్తారు. సాఫ్ట్‌వేరు తంబి హార్డ్‌వేరు అంటాడు, హార్డ్‌వేరు తంబి కరెంటు అంటాడు, ఎలక్ట్రీషియను మిషనే మంచిది కాదంటాడు. మనకు కావాల్సింది జాయింట్ నోట్.

"ఇంత తీరిక ఎవరికుంది, కొత్తది కొంటే పోలేదా" అని అడిగేవాళ్ళకు మూడు మాటలు.

ఒకటి, దుడ్డు. 2025 చివరి నుంచి మెమరీ ధరలు బాగా పెరిగాయి. ఏఐ సర్వర్ల కోసం చిప్పులన్నీ అటు పోతున్నాయి. మైక్రాన్ కంపెనీ క్రూషియల్ పేరుతో మామూలు జనానికి మెమరీ అమ్మే వ్యాపారాన్నే ఆపేస్తున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. బెంగళూరు ఎస్‌పీ రోడ్డులోనైనా, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనైనా ఇవాళ స్టిక్కు ధర అడిగి వచ్చి, ఆ తర్వాత పారేసే మాట మాట్లాడండి. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో ఉచిత సపోర్టు ఆగింది, అది నిజమైన సమస్యే, దాన్ని వేరేగా చర్చిద్దాం. ఈ జబ్బుతో దాన్ని కలపొద్దు.

రెండు, కంపెనీ ల్యాప్‌టాప్ అంటే కూలదని కాదు. చాలా పల్చటి ల్యాప్‌టాపుల్లో మెమరీని బోర్డుకే అతికించేస్తారు. అందులో ఒక గది చెడితే స్టిక్కు మార్చడం ఉండదు, బోర్డే మార్చాలి. మనం కట్టుకున్న మిషనుకు గొప్ప ఏమిటంటే విప్పి చూడొచ్చు.

మూడు, పిల్లకాయలు. పశ్చిమ గోదావరి మొగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు గారు హైదరాబాదులో ఈసీఐఎల్‌ను నిలబెట్టారు. 1969 నాటి టీడీసీ-12 కంప్యూటరు మనవాళ్ళు ఈ దేశంలోనే కట్టింది. విప్పి చూసి, చెడితే బాగు చేసి నేర్చుకున్న తరం అది. మన ఇద్దరు పిల్లలు ఆ నాలుగు రాత్రుల్లో నేర్చుకున్నది కాలేజీలో ఒక సెమిస్టరులో నేర్చుకున్నారా అంటే నాకు అనుమానమే.

అయితే విప్పి చూడటమే మతం అనడం లేదు. బోర్డులో స్లాటు పోయి, అదే తరం బోర్డు కొత్తగా దొరక్కపోతే మార్చాల్సిందే. ఎస్‌ఎంపీఎస్ పొంగితే, కాలిన వాసన వస్తే ఇంట్లో విప్పకూడదు, అందులో కరెంటు తీసేశాక కూడా ప్రాణాంతకమైన వోల్టేజీ నిలిచి ఉంటుంది. కారణం తెలిసి మార్చడానికి నేను ఎప్పుడూ అడ్డు చెప్పను.

ఇక అసలు సంగతి. మిషను బాగైంది కాబట్టి అందరూ సంతోషంగా ఉన్నారు. నాకు సంతోషం లేదు. రెండో స్టిక్కు చేర్చిన రోజు నుంచి మొన్నటిదాకా ఈ బల్ల మీదుగా పోయిన ప్రతి కాగితం మీద అనుమానం ఉంది. ఆ రోజుల్లోనే మనం ఇంటింటికీ తిరిగి పెద్దల చేతిరాత వంశావళులు, పెళ్ళి పత్రికలు, పాత దస్తావేజులు తెచ్చి స్కాన్ చేశాము. చాలా ఇళ్ళకు అసలు కాగితాలు తిరిగి ఇచ్చేశాము. కొన్ని ఇంకా బీరువాలో ఉన్నాయి.

ఈ ఊళ్ళలో ఆ తెలుగు రాతను చదివి మళ్ళీ టైపు చేయగలవాళ్ళు ఎంతమంది మిగిలారు? 2006 చట్టం తర్వాత తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. మన ముందు తరంలోనే తెలుగు చదివినవాళ్ళు తక్కువ, నాలాంటివాళ్ళు బడిలో తమిళం చదివి ఇంట్లో తెలుగు నేర్చుకున్నాం. ఇప్పటి పిల్లలు మాట్లాడతారు, రాయలేరు. ఆ కాగితం చెదలు తిన్న రోజున మిగిలేది స్కాన్ ఒక్కటే. దాంట్లో తాత దాత అయి ఉంటే దిద్దేది ఎవరు? ఫార్మాట్ కొట్టి ఉంటే, కొత్త ల్యాప్‌టాప్ కొని ఉంటే, ఈ ప్రశ్న ఎవరికీ వచ్చేది కూడా కాదు. చెడ్డ ఫైళ్ళు కొత్త ఇంట్లో హాయిగా కూర్చునేవి.

అందుకని కమిటీ ముందు నాలుగు పనులు పెడుతున్నాను.

బీరువాలో మిగిలిన అసలు కాగితాలను స్కాన్ సరిచూసే వరకు తిరిగి ఇవ్వొద్దు. ఇచ్చేసిన ఇళ్ళకు ఇప్పుడే మాట చెప్పండి, కాగితం పారేయొద్దని, ఇంకోసారి వస్తామని.

ప్రతి స్కానూ మనిషి కళ్ళతో తెరిచి చూడాలి. చెడినవాటిని మళ్ళీ స్కాన్ చేయాలి. స్కాలర్‌షిప్పు, చందా లెక్కలను రశీదు పుస్తకాలతో పోల్చాలి. ఆదివారం రెండు గంటలు ఇచ్చేవాళ్ళు పదిమంది చాలు. తెలుగు చదవగల పెద్దవాళ్ళు ఒకరు, కంప్యూటరు తెలిసిన పిల్లలు ఒకరు జతగా కూర్చుంటే పని నడుస్తుంది.

సరిచూసిన ప్రతి ఫైలుకు హ్యాష్ నంబరు తీసి జాబితా కట్టాలి. అది ఫైలుకు చెక్ డిజిట్ లాంటిది. విండోస్‌లోనే ఆ సదుపాయం ఉంది, దుడ్డు అక్కర్లేదు. ఏడాదికోసారి మళ్ళీ లెక్క కడితే ఏ ఫైలు మారిందో తెలిసిపోతుంది. కాపీలు రెండు చోట్ల, వేరు వేరు ఇళ్ళల్లో ఉండాలి.

చివరిది, మిషను పక్కన ఒక రిజిస్టరు కట్టి పెట్టండి. ఏ భాగం ఎప్పుడు కొన్నాము, ఏ వేగానిది, బిల్లు ఎక్కడుంది, బయాస్‌లో ఏం మార్చాము, ఎప్పుడు కూలింది. చాలా కంపెనీలు మెమరీకి ఏళ్ళ తరబడి వారంటీ ఇస్తాయి, బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోకుండా అంగడి దిగొద్దు. కొత్త భాగం పెట్టిన ప్రతిసారీ ఒక రాత్రి మెమ్‌టెస్ట్ నడపాలి, ఆ తర్వాతే పని అప్పగించాలి.

ఒప్పుకోనివాళ్ళు ఉంటే కింద రాయండి, తమిళంలో రాసినా సరే. ఒప్పుకుంటే ఏ ఆదివారం వస్తారో మీ పేరుతో పాటు రాయండి. బీరువాలో మొదటి కట్ట మీద ఇప్పటికే నంబరు వేసి పెట్టాను.